నకలు

సెట్టిల్, యార్క్‌షైర్, 1840

లండన్ నుంచి ఉత్తరువు వచ్చింది.
క్వేకర్ల పుట్టుకల పుస్తకం, చావుల పుస్తకం
రెండూ సర్కారుకు అప్పగించాలట.
ఇచ్చేముందు మాకొక నకలు ఉండాలని
మీటింగు పెద్దలు ఆ పని నా మీద పెట్టారు.
చేవ్రాత బాగుంటుందని కాదు,
మోకాళ్లు పోయి గొర్రెల వెంట తిరగలేనని.

ఈ చలికి సిరా గడ్డకడుతోంది.
సీసాను చంకలో ఇరికించుకుని కాసేపు కూర్చుంటాను,
గుడ్డు పొదిగే కోడిలా.
కరిగాక ఒక పుట్టుక రాస్తాను.

మా లెక్కలో నెలలకు పేర్లుండవు.
పాత దేవతల పేర్లు మా నోట పలకం.
మొదటి నెల, రెండో నెల, పదో నెల, అంతే.
తాతలనాటి పుటల్లో మొదటి నెలంటే
లోకులు మార్చి అనేది,
నా నాటికి జనవరి.
ఆ సంగతి మరిచానా,
గొర్రెలు ఈనే వేళ పుట్టిన పిల్ల
మంచులో పుట్టినట్టవుతుంది.
అలా ఇద్దర్ని వణికించి, మళ్లీ కొట్టేసి రాశాను.

పాతిపెట్టినచోట మేం రాళ్లు నిలపం.
గంట కొట్టం, నల్లబట్ట కట్టం.
ఎవరు ముందు పోతే వాళ్లు ముందు.
అందుకే మొగుడొకచోట, పెళ్లాం నలభై అడుగుల అవతల.
అప్పిచ్చిన సిల్వానస్ పక్కనే
ఎగ్గొట్టిన జోనా ఆల్డర్సన్.
నేలలోనూ మనిషికి ఒక వరసే,
పుస్తకంలోనూ ఒక వరసే.
తొంభై నాలుగేళ్ల బార్నబస్ హార్కర్‌కీ అంతే,
అతని నోటి దురుసుకి కనీసం రెండు పుటలు పట్టాలి గానీ.

నూట పధ్నాలుగో పుటలో చేయి ఆగింది.
ఎనిమిదేళ్ల కిందట. పదకొండో నెల, ఆరో రోజు.
"పసిబిడ్డ. తామర్ వైల్డ్‌మన్ కూతురు.
వయసు రెండు గంటలు. సభ్యురాలు కాదు."
చేవ్రాత నాదే.

తామర్ చర్చిలో, పాదిరి ఎదుట,
సున్నపుబట్టీవాణ్ణి చేసుకుంది.
ఆమెను మాలోంచి తీసేసిన తీర్మానమూ
ఈ చేత్తోనే రాశాను,
అన్నీ మెత్తని మాటలతో.
ఉన్నితో చుట్టినా రాయి రాయే.

బాప్తిస్మం లేని బిడ్డకు
చర్చి ఆవరణలో చోటు లేదన్నారు.
మూడో రోజున, నడవలేక నడుస్తూ,
కొవ్వొత్తుల పెట్టె ఒకటి పట్టుకుని మా గోడ దగ్గరికొచ్చింది.
మేం కాదనలేదు. ఆ మాట చెప్పుకోవాలి.
తవ్వాం. నిలబడ్డాం.
ఎవరికీ లోపలినుంచి మాట రాలేదు,
లేక వచ్చినా మింగామో.

వెళ్తూ వెళ్తూ గోడకి ఆనుకుని నాతో అంది,
"దాని పేరు కెజియా."
నేను తలూపాను.
గడిలో మాత్రం రాయలేదు.
పేరు పెట్టేదాకా బతకలేదని మంత్రసాని చెప్పింది,
సాక్షి సంతకం ఆవిడది.

నకలంటే ఉన్నది ఉన్నట్టు.
మేం ఒట్టు వేయని మనుషులం,
అవునంటే అవును, కాదంటే కాదు.
"సభ్యురాలు కాదు" అని మళ్లీ రాశాను.
అది నిజం.
దానికి ముందు, అసలులో ఖాళీగా ఉన్నచోట,
కెజియా అని రాశాను.
అదీ నిజమే, ఎనిమిదేళ్లు నానిన నిజం.

ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను.
ఎల్లుండి బండిలో అసలు పుస్తకం లండన్ పోతుంది,
పేరులేని పాపతో.
పేరున్న పాప ఇక్కడే, మా బీరువాలో.
రెండూ పక్కపక్కన పెట్టి చూసే తీరిక ఎవరికుంటుంది?
ఉండి, ఇందులో ఏది తప్పని అడిగితే
నేనింకా తేల్చుకోలేదని చెప్తాను.

ఇంకా అరవై పుటలున్నాయి.
సీసా మళ్లీ చల్లబడింది.
చంకలో పెట్టుకున్నాను.