కెరటం గుర్తు

పోర్టు కాటా సర్వర్లకి మూడు అరలు:
అడుగున లోకమంతటిదీ, నడుమ కంపెనీది,
పైన మాది.

నూకరత్నం సెలవులో ఉండగా
చిన్న మరమ్మతు చేసి
రిలీజు నెంబరు తొంభైతొమ్మిది వేశాను,
ఎవరొచ్చినా మనదే పైనుండాలని.

ఉంది.
కింద అసలు దిద్దుబాటు ఐదో నెంబరుతో వచ్చి
పదకొండు వారాలు గుమ్మంలోనే నిలబడింది.

బొగ్గు లారీలు కాన్వెంట్ జంక్షన్ దాకా ఆగిన రాత్రి
ఆవిడ తిట్టలేదు.
రాబోయే నెంబరు పక్కన
చిన్న కెరటం గీసింది, టిల్డా.
"ఇదుంటే, అసలుది రాగానే
మనది దానికదే తగ్గిపోద్ది.
తగ్గడం కూడా ముందే రాసుకోవాల గదా."

తొంభైతొమ్మిది మాత్రం దానంతట దిగదు.
సైరన్ మోగేదాకా
ఉప్పుగాలికి చెమ్మగిల్లిన కీబోర్డు మీద
నలభై యంత్రాల్లో
ఒక్కోదాన్నీ చేత్తో దించాను.