భోజనాల దగ్గర పాట

నరసాపురంలో లేసు అల్లే తల్లి చేతికింద
పెరిగాడు జెకర్యా మాస్టారు.
"దారం కాదురా, చిల్లులు చూడు.
అవి సరిగ్గా పడితేనే పువ్వు" అనేదట ఆవిడ.
ఆయన చదువుకున్న సంగీతశాస్త్రం
ఇంచుమించు అంతే.

రేడియోలో విన్నదాన్ని రాత్రికి రాత్రే
కిరాణా పద్దు పుస్తకంలో
పద్నాలుగు మందికి పంచి రాసేవాడు.
నాలుగు వయొలిన్లు, రెండు క్లారినెట్లు,
పాలకొల్లు బ్యాండుమేళంలోంచి లాక్కొచ్చిన
ట్రంపెట్టు సుబ్బన్న
(దాని నోట్లో ఎప్పుడూ తువ్వాలే),
మాండలిన్ నేను.

పాడేవాళ్లు లేరు.
"గొంతు వినిపిస్తే మొహం వెతుక్కుంటారు జనం,
ఈలోగా పప్పు చల్లారిపోద్ది.
మనది భోజనాల దగ్గర పాటరా,
వినపడకూడదు.
ఆగితే మాత్రం తెలియాలి."

సఖినేటిపల్లి వెళ్లే ఆఖరి పంటు మీద
మా డబుల్ బేస్‌కి కూడా
మనిషి టిక్కెట్టే కొట్టాడు గుమస్తా.
మాస్టారు బేరమాడలేదు.
"నిలబడే వస్తాడు లెండి" అన్నాడు.

ఆ రాత్రి రాజోలు పెళ్లిలో
మూడో బంతి, పనసపొట్టు కూర వడ్డిస్తుండగా
ఉన్నట్టుండి చెయ్యెత్తి మమ్మల్ని ఆపేశాడు.
రెండొందల చేతులు విస్తళ్ల మీద ఆగాయి.
ఓ ముసలావిడ తలెత్తి
"ఏవిటో పోయినట్టుందే?" అంది.
చెయ్యి దించాడు.
మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ ఎవరూ వినలేదు.
పంటు కోసం రేవులో తెల్లారేదాకా
ఆ మాటే చెప్పుకుని నవ్వాడు.

తర్వాత భీమవరం కుర్రాడొకడు
మోటారు సైకిలు మీద కీబోర్డు కట్టుకొచ్చాడు.
మీట నొక్కితే నలభై వయొలిన్లు.
మాస్టారు దగ్గరకెళ్లి చెవి ఒగ్గి విన్నాడు.
"బావుందబ్బాయ్.
ఊపిరి తీసుకోటం లేదు, పాపం."

సుబ్బన్న రొయ్యల చెరువుకి కాపలా వెళ్లాడు.
వయొలిన్లలో రెండు అమ్ముడుపోయాయి,
ఒకటి చెదపట్టింది, నాలుగోదాని సంగతి ఎవరికీ తెలీదు.
నేను పంచాయతీ ఆఫీసులో పన్ను రసీదులు రాశాను.
ఆయన మాత్రం
పద్నాలుగు మందికీ రాస్తూనే ఉన్నాడట.

మొన్న వాళ్లమ్మాయి సుగుణమణి
సంచీడు పద్దు పుస్తకాలు ఇచ్చి వెళ్లింది.
చివరిదాంట్లో నా పేరున్న పేజీ తీశాను.
పైన నాలుగు స్వరాలు.
ఆ కింద పదహారు మాత్రలు ఖాళీ,
పెన్సిలుతో సన్నగా:

"ఇక్కడ గ్లాసుల చప్పుడు.
ఎవరో పెరుగు అడుగుతారు.
తొందరపడకు."