కత్తెర పెట్టకముందే

బురుజు ఎనక సందులో నా మిషను.
నలభై ఏండ్లాయె కోసేదీ, కుట్టేదీ.
గుడ్డ పరిచి, సుద్దగీత గీసి
లైనింగుకు ఇంత, హుక్కులకు ఇంత, కూలి ఇంత అని
చీటీ చేతికిచ్చినాకనే కత్తెర తీస్తా.
తెగిన గుడ్డకు బేరమాడే నోరుండదు సార్.
కత్తెర పడినాక చెప్పే ధర
ధర కాదు, జులుం.

పొద్దున మీ కౌంటరు కాడ
పీరమ్మను చక్రాల కుర్చీలో కూచోబెట్టి అడిగినా,
పిత్తాశయంలో రాళ్లంట, ఎంతయితాది?
కంప్యూటరు పిల్లోడు తల ఎత్తలే.
"ముందు అడ్మిట్ కానీ పెద్దాయనా,
ఖర్చు సంగతి ఆనక."

ఆనక!
రంజాను ముందర్రోజు రాత్రి
నూరు లాల్చీలు నెత్తిన కూచున్నా
నేనెవురికీ ఆ మాట చెప్పలే.
ఎన్.ఆర్. పేటకు తెచ్చిన ఆటోవాడు
ఎనభై అని, డెబ్బైకి దిగె.
మీ గేటు కాడ ఉగ్గాని బండికి గూడా
బలపంతో రాసిన పలక ఉండాది.
మీ రేటు బోర్డు కోసం రెండంతస్తులు ఎక్కి దిగితి,
నీళ్ల డ్రమ్ము ఎనక
గోడకు మొగం తిప్పుకోని నిలబడిండాది.

"ముందే అడిగేది మన హక్కు, హుసేనప్పా"
నా కాడ నల్లకోటు కుట్టించుకునే లాయరమ్మ చెప్పింది.
హక్కు అనే మాట నాకు కొత్త సూది మాదిరి,
దారం ఎక్కేకి రొవంత సేపు పట్టె.

సంతకానికి కాయితమిస్తిరి. చదివితి.
రక్తం పోవచ్చంట, మత్తు ఎదురు తిరగొచ్చంట,
పానం పోయినా పూచీ లేదంట.
సావును గూడా ముందే అచ్చేసి పెట్టినోళ్లు,
రూపాయలు రాసేకి చెయ్యి రాదా సార్?

పక్కా అంకె అడగలే.
ఉతికితే ముడుచుకుంటాదని
నేనూ అంగుళం ఎక్కువే పెడతా.
ఆ అంగుళం సంగతి ముందే చెప్తా, అంతే తేడా.

పీరమ్మ నా చొక్కా కొస లాగి
"నొప్పి తగ్గింది, ఇంటికి పోదాం పా" అనె.
అబద్ధం.
ఆ గొంతు కొలత నాకు తెల్దా.

చెవి మీది పెన్సిలు తీసి
మీ కాయితం తిరగేసి గీతలు గీసినా.
గది. మత్తు. మందులు. కుట్లు. అంగుళం.
పక్కన ఖాళీలు.
పిల్లోని ముందర పెట్టినా.
వాడు ఇంకా పెన్ను మూత తీయలే.

లైన్లో నా ఎనక కోడుమూరామె,
సంకలో జరం పిల్ల,
తొంగి చూసి అంటాది:
"అన్నా, ఆ గీతలు
నాకూ ఒక కాయితం మీద గీసియ్యి."