సొట్ట

డబ్బు కోసం రాలేదండీ, అని ముందే చెప్పాను.
కంచరపాలెం మెట్టు మీద మూడో అంతస్తు.
వెంకునాయుడు గారు మొహం పక్కకి తిప్పి
కుడి చెవి నాకిచ్చారు.
ఎడమది ఇంజను తినేసిందట.

సింధియా షెడ్డులో ఉంది మీ విమానం,
రెక్కలు మడిచిన గబ్బిలంలా.
ఉప్పుగాలి రివిట్లు కొరికేసింది.
మాన్యువల్లో నలభై పేజీలు చెదల పాలు.
బీచ్ రోడ్డులో నిలబెడతారట,
పిల్లలు ఐస్‌క్రీం చేత్తోనే ముట్టుకునేట్టు.
మాకు వెల్డింగొచ్చు, రంగెయ్యడమొచ్చు.
ఏ బోల్టు ఎక్కడిదాకా బిగించి ఆగాలో
అది మీ మణికట్టుకే తెలుసు.

ఫోన్లో ఫొటోలు చూపించాను.
కాక్‌పిట్ చూళ్ళేదు, ప్రొపెల్లరు చూళ్ళేదు.
తోక కింద, కుడివైపు,
అరచేతంత సొట్ట దగ్గర వేలు ఆగింది.
"దీన్ని కొట్టి సాపు చేసేసారేటి?"
ఇంకా లేదన్నాను.

"నాకు పాప పుట్టిందని టెలిగ్రాం వొచ్చింది.
తంగప్పన్ సంతోషం ఆగక సుత్తి ఇసిరేసాడు.
మూడ్రోజుల జీతం కోసేసారు, ఇద్దరికీ."
నవ్వు దగ్గులోకి జారిపోయింది.
తంగప్పన్ ఇప్పుడెక్కడని అడగబోయి
ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

మంచం కింద నుంచి రేకుపెట్టె లాగారు.
పాత బనీనులో చుట్టిన స్పానర్లు.
ఎవరు అడుగుతారని ఇన్నాళ్ళూ
నూనె రాస్తూ వచ్చారో.

"మెట్లు దిగడానికి చెయ్యియ్యి.
రంగేసుకోండి, పర్లేదు.
సొట్ట జోలికి మాత్రం ఎల్లకండి."

సింధియా బస్సులో
పెట్టె ఒళ్ళోంచి దించలేదు.
ఇద్దరి టిక్కెట్టూ ఆయనే తీశారు.