ఆఉ టికే

గుణుపురం హాస్టల్ స్కూల్లో మొదటి మధ్యాహ్నం.
స్టీలు పళ్లెంలో మూడు గుంటలు:
ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో దాల్మా,
మూడోదాంట్లో పులిసిన వెదురు మొలకల కూర,
తడిసి ఆరని గోనెసంచి వాసన.

"దేబి?" అంది సుమింత్ర గరిటె ఎత్తి.
నాకది "దెబ్బా?" అని వినపడి
చెయ్యి లాక్కున్నాను.

పదిహేను రోజులు అదే వరస.
ఆమె దేబి అనడం, నేను తల అడ్డంగా ఊపడం.
లెక్కల మాస్టర్ని కదా,
మిగిలిన ఆకలిని తెనాలి గోంగూర సీసాతో భాగించేవాణ్ణి,
టేబుల్ కింద, దొంగలా.

సీసా అడుగు కనపడిన రోజు
ఏడో తరగతి ఎలియాజర్ గమాంగో
నవ్వాపుకోలేక, వచ్చీరాని తెలుగులో చెప్పాడు:
"సార్, దేబి అంటే, వెయ్యనా అని."

వెయ్యనా!
ఇన్నాళ్లూ నేను వద్దన్నది అదా.

ఆ పూట ఆమె ముఖం చూడకుండా
వాడు నేర్పిన రెండు ముక్కలూ అప్పజెప్పాను: ఆఉ టికే.
ఇంకాస్త.
ఆమె నవ్వలేదు. గుంట నిండి
అన్నం మీదికి పారేట్టు వేసింది,
పదిహేను రోజుల బాకీ ఒక్క గరిటెతో.
వాసన అలాగే ఉంది.
నాలుక మాత్రం ఆ పులుపుని
ఎక్కడో చూసినట్టుందే అని తడుముకుంది.

నిన్న పలమనేరు నుంచి కొత్త కెమిస్ట్రీ మేడం చేరింది.
"దేబి?"
మేడం చెయ్యి చటుక్కున వెనక్కి.
ఎలియాజర్ నా వైపు చూశాడు.
నేను వాడి వైపు చూడకుండా
నా పళ్లెం ముందుకు జరిపాను.