ఆరో కంచె

ల్యుబ్లిన్ దగ్గర సెప్టెంబరు చలి.
పొడుగాటి జర్మన్ గుర్రాల మధ్య
హల్ష్కా ఆడగుర్రం
పెద్దల పంక్తిలో కూర్చున్న పిల్లలా ఉంది.
అరబ్బు రక్తం. కుంకుడుగింజలాంటి కన్ను ఒకటే;
ఎడమది పోయిన శీతాకాలం పోయింది.

గుడ్డి గుర్రానికి పళ్ళు తోమడమని
ఇక్కడెవరూ అనరు, ఆ సామెత వాళ్ళకు లేదు.
నవ్వడం మాత్రం ఉంది.

ఆరో కంచె ఆ గుడ్డి వైపే.
హల్ష్కా కళ్ళెం వదులు చేసి
మోకాలితో ఇప్పుడు అంది.
చెవులు రెండూ ముందుకు.
నాలుగు కాళ్ళూ మట్టిని మర్చిపోయాయి.
పైకర్ర కదల్లేదు.

గంట, చప్పట్లు, మొదటి బహుమతి రిబ్బను.
నాడాలు కొట్టే తండ్రి విటోల్డ్
అటు చూడనేలేదు.
వెనక కాలు ఎత్తించి
డెక్కలో ఇరుక్కున్న రాయి
గోటితో పెకిలించి
జేబులో వేసుకున్నాడు.