నాలుగో ఏలు

తొమ్మిదేండ్లు ఇనుప మూతి బూట్లేసుకొని తిరిగిన.
పానాలు పడ్డయి, పైపు ముక్కలు పడ్డయి,
ఓపారి మూడో అంతస్తు మీదికెల్లి
జాకీ రాడు జారి సక్కగ బూటు మీదనే పడ్డది.
లోపల అయిదేళ్లు సల్లగ పండుకున్నయి.

మొన్న శుక్రారం, పనిలేని దినం,
ఏసీ చప్పుడు తప్ప రూమంత నిద్ర,
నీళ్లకని ఉత్తకాళ్లతోని లేసి
మా మంచం కోడుకే తన్నుకున్న.
పెద్ద సప్పుడేం కాలే.
ఎవలో పక్క రూముల
పల్లికాయ ఒలిచినట్టయింది.

సిటికెనేలు పక్కకు తిరిగి సూస్తున్నది
అలిగిన పోరని తీరుగ.

క్లినిక్కుల ఎక్స్‌రే తీసిండ్రు, ఏడు దినార్లు.
మలయాళీ డాక్టరు ఎంటికంత గీత సూపెట్టి
"దీనికి నేను చేసేదేం లేదు,
ఇంటికి పొయ్యి నువ్వే సూస్కో" అన్నడు.
ఇంటికా?
నవ్వొచ్చింది. ఆయనకు సమజు కాలే.

ఇల్లంటే సల్మాబాద్‌ల
మూడు మంచాలు, రెండేసి అంతస్తులు, ఆరుగురం.
నాది మీది మంచం.
కింద తిల్ బహదూర్.
నేనడగక ముందే
బొంత, దేవుని పటం, చార్జర్ వైరు మీదికి ఇసిరేసి
"పైన గాలి మంచిగుంటది" అని
హిందీల అబద్ధమాడిండు.
పైన ఏసీ నీళ్లు కారుతయి. నాకెర్కనే.

పోశెట్టన్న వైద్యుడయిండు.
గడ్డకట్టిన లబన్ సీసను లుంగి ముక్కల సుట్టి
"అన్నం ఉడికినంత సేపు పెట్టు,
మటనుడికినంత సేపు తియ్యి" అన్నడు.
రఫీకుల్ కరెంటోళ్ల నల్ల టేపు తెస్తె
"ఇది వైరనుకున్నవా" అని కసిరి
మందుల షాపుకు తోలిండు.

ఏళ్ల నడుమ దూది పెట్టాలె.
ఇరిగినదాన్ని పక్కదానికి కట్టాలె.
తెల్లటేపు పండ్లతోని కొరికి
ఉన్నట్టుండి ఆగిండు పోశెట్టన్న.

ఏలుకు ఏలు కట్టుడు
ఆయనకు అంతకుముందు ఒక్కపారే పడ్డది.
రెండేండ్ల కింద, ఆసుపత్రి సల్లగదిల,
పెట్టెల పండవెట్టే ముందు
భూమేశ్‌కు,
బొటనేలుకు బొటనేలు.

నాకు యాదికొచ్చిందని ఆయనకెర్క.
"నొస్తుందా?" అన్నడు.
"నొస్తుంది" అన్న.
"నొస్తె మంచిదే" అని
ఇంకో సుట్టు సుట్టిండు.

గంగమణి వీడియోల సూసి పడి పడి నవ్వింది.
"గాలిల ఏలాడెటోనివి,
మంచానికి తన్నుకున్నవా?
పసుపు, సున్నం పట్టియ్యి."
ఈడ సున్నం దొరకది.
సిమెంటు మస్తున్నది.

మంచమున్నంతే కాళ్లు సాపుమన్నరు పెద్దలు.
నా కాలు బియ్యం సంచి మీద
గుండె కంటె జానెడు ఎత్తుల ఉన్నది,
దొర లెక్క.
ఆరు దినాల కోతకు
ఈ పాటి దర్జా ఉండాలె.

పండుకొని పండుకొని దాన్నే సూస్తున్న.
ఇరిగినదాన్ని కాదు, పక్కదాన్ని.
బొటనేలుకు పేరున్నది, సిటికెనేలుకున్నది.
చేతికైతే ఉంగరపేలంటరు,
కాలుకు ఆ నాలుగోదాన్నేమంటరు?
పోశెట్టన్న తల గోక్కున్నడు.
"మా దిక్కు గూడ ఏమనరు"
మీదికెల్లి అన్నడు తిల్ బహదూర్.
ముప్పై ఎనిమిదేండ్లు దాని మీద నడిచిన,
ఒక్కనాడు పిల్వలే.
తప్పు లేకుంట కట్టుల పడ్డది,
దూది, చెమట, వాసన
అన్నిట్ల సగం.

పొద్దుగాల ఓపారి, రాత్రి ఓపారి
గోరు మీద ఒత్తి సూడాలెనట.
తెల్లగయి, ఇడిచిపెడితె మల్ల ఎర్రగ రావాలె.
రాకుంటె కట్టు ఇప్పాలె.

లైట్లు బంద్ చేసినంక
ఫోన్ ఎలుగుల ఒత్తిన.
తెల్లగయింది.
పైన తిల్ బహదూర్ తడి దిక్కుకెల్లి
గోడ దిక్కు జరిగిండు, మంచం కిర్రుమన్నది.
ఇడిచిపెట్టిన.

వచ్చింది ఎరుపు,
మెల్లగ,
రెండు గోర్లకు.